తలుపు పక్క కుండీలు

జనవరి 4

సారు గది నాకిచ్చారు.

తాళంచెవి చేతిలో పెడుతూ హెడ్డు అన్నారు: "ఇన్నేళ్లు పిల్లలకి ప్రాక్టికల్స్ బాగా చెప్పావు, ఎవరూ కాదనరు. కానీ ఇప్పుడు నువ్వు పర్మనెంట్ స్టాఫ్‌వి. పరిశోధన చెయ్యని వాళ్లని పైవాళ్లు ఉంచరమ్మా. ఏడాది తిరిగేలోగా నీ పేరు మీద ఒక్క పేపరన్నా రాకపోతే నేను చేయగలిగిందేం లేదు."

"దేని మీద చెయ్యమంటారు సార్?"

"కొత్తగా ఏం తవ్వుకుంటావు? ఆయన వదిలేసింది అందుకో. ఆ జొన్న, తొమ్మిదో రకం. నీళ్లు ఆపేసినా నిలబడిందది. రెండోసారి చేసి చూపించేలోపు ఆయనే పడిపోయాడు. అచ్చం ఆయన చేసినట్టే చెయ్యి. అదే ఫలితం వస్తే పేపరు నీది, రకానికి పెట్టే పేరు ఆయనది."

పడిపోయాడు అన్నారు. గ్రీన్‌హౌస్‌లో, తలుపు దగ్గర. గుండె ఆగింది. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పూర్తిగా అనరు.

గదిలో ఆయన కుర్చీ ఉంది. దిండు మధ్యలో గుంట పడి ఉంది. ల్యాబ్ నుంచి స్టూలు తెచ్చుకుని కూర్చున్నాను.

జనవరి 7

తలుపు వెనక ఆయన కోటు. జేబులో నాలుగు లవంగాలు. పారేద్దామని తీసి, మళ్లీ అక్కడే వేశాను.

పిల్లలు వరండాలో మాట్లాడుకుంటున్నారు. "ఎక్కడికిరా?" "సారు గదికి." నేను లోపలే ఉన్నాను.

జనవరి 11

గ్రీన్‌హౌస్ కడిగించాను. కుండీలు ఎలా పెట్టాలో సారు గోడ మీద బొమ్మ గీసి పెట్టుకున్నారు. ప్రతి రకానికీ రెండు జట్లు. నీళ్లు పోసేవి లోపలి వైపు, ఎండబెట్టేవి ఇవతలి వైపు. తొమ్మిదో రకంలో ఎండబెట్టే కుండీలు అన్నిటికన్నా ఇవతల, తలుపు పక్కనే.

మామూలుగా ఏ కుండీ ఎక్కడ పెట్టాలో చీటీలు తీసి తేల్చాలి. నేనే ఏళ్ల తరబడి పిల్లలకి చెప్పిన పాఠం. హెడ్డుని అడిగాను.

"అచ్చం ఆయన చేసినట్టే అన్నాను కదమ్మా. నువ్వు జాగాలు మార్చి, ఫలితం తేడా వచ్చిందనుకో, అది రకం తేడానా జాగా తేడానా అని నా పీక మీద కూర్చుంటారు."

నిజమే అనిపించింది.

నీళ్ల క్యాను కూడా ఆయనదే. పిడికి పాత గుడ్డ చుట్టి ఉంది. అరచెయ్యి ఆనే చోట గుడ్డ నల్లబడి నున్నగా అయింది. పట్టుకుంటే నా చేతికి సరిపోయింది. ఆయనది పెద్ద చెయ్యి.

తోటపని చేసే పొడుగాయన తలుపు బయటే నిలబడి చూస్తున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"సారు నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు మేడమ్. బయట చెట్లే నావి. లోపల ప్రతి చుక్కా ఆయన చేత్తోనే. 'నువ్వు పోస్తే నీళ్లతో పాటు నీ జాలి కూడా పడుతుందిరా, కొలత తప్పుతుంది' అనేవాడు."

జనవరి 18

విత్తనాలు వేశాను. మొలకలొచ్చి నిలదొక్కుకున్నాక ఇవతలి వాటికి నీళ్లు ఆపేయాలి. ఇంట్లో చెప్తే ఈయన నవ్వారు.

"మన బాల్కనీలో ఉన్న ఒక్క మొక్కనీ ఉత్తపుణ్యానికే చంపావు. అక్కడ చంపితే జీతం కూడానా!"

ఫిబ్రవరి 10

తలుపు వైపు కుండీలకి ఇవాళ్టి నుంచి నీళ్లు లేవు. లోపలి వాటికి కొలత ప్రకారం పోశాను. క్యాను ఖాళీ చేసి బోర్లించి తాళం వేశాను.

ఫిబ్రవరి 12

పోశాను. ఖాళీ చేసి బోర్లించి తాళం వేశాను.

ఫిబ్రవరి 17

మూడో రకం, ఏడో రకం ఆకులు చుట్టలు చుట్టుకున్నాయి. మధ్యాహ్నం గాజు మీద ఎండ పడితే ఆ ఆకులన్నీ పోపులో కరివేపాకుల్లా ముడుచుకుపోయాయి. వాటి పక్కనే తడి కుండీల్లో మొక్కలు పచ్చగా గాలికి ఊగుతున్నాయి. ఆ రెండింటి మధ్య నడవాలి, కొలవాలి, రాయాలి.

చిన్నప్పుడు మెట్ట చేలో జొన్న ఇలా ముడుచుకుంటే నాన్న చేలోకి వెళ్లడం మానేసేవాడు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తినమని ఎవరూ పిలిచేవాళ్లం కాదు.

ఇది చేను కాదు. ఇవి కుండీలు.

తొమ్మిదో రకం నిటారుగా ఉంది. ఒక్క ఆకూ ముడవలేదు. సారు చెప్పింది నిజం.

క్యాను ఖాళీ చేసి బోర్లించి వచ్చాను.

ఫిబ్రవరి 20

హెడ్డు వచ్చి చూసి వెళ్లారు. తొమ్మిదోదాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "అదృష్టవంతురాలివమ్మా" అన్నారు. ఎవరి అదృష్టమో.

అన్నయ్య ఫోన్ చేశాడు. ఈ సంగతి వాడికెలా చేరిందో తెలియదు.

"ఏమే చిట్టీ, నీళ్లడగని జొన్న కనిపెట్టావంట?"

"నేను కాదన్నయ్యా, సారు. నేను మళ్లీ చేసి చూస్తున్నానంతే."

"ఎవరైతే నాకేం. నాకు రెండెకరాలకి విత్తనం తెచ్చిపెట్టు. మూడేళ్లుగా ఆ మెట్ట నన్ను మింగేస్తోంది. ఈసారి కూడా పోతే అమ్ముకుని నీ దగ్గరకొచ్చి కూర్చుంటా. నీ మొగుడికి ఇష్టమేనా కనుక్కో."

నవ్వుతూనే అన్నాడు. వాడు నవ్వుతూ అన్నవేవీ నవ్వులాట కాదు.

ఫిబ్రవరి 23

తలుపు పక్క కుండీల్లో మట్టి నల్లగా కనపడింది. వేలు పెట్టి చూడలేదు. తలుపు నీడ పడి ఉంటుంది.

ఫిబ్రవరి 24

వేలు పెట్టాను. తడి.

ఫిబ్రవరి 25

పొడుగాయన్ని అడిగాను. లోపలికి ఏమన్నా వెళ్లావా, పోనీ తలుపు సందులోంచి గొట్టం పెట్టావా, పాపమనిపించి ఉంటుంది, ఏమనను, చెప్పు అని.

అతను చేతిలో కత్తెర కింద పెట్టేశాడు.

"నా మీద దొంగతనం కట్టండి మేడమ్, పడతాను. ఇది మాత్రం వద్దు. ఆయన పడిపోయిన రోజు కూడా నేను గడప బయట నిలబడే 'సార్, సార్' అని అరిచాను. లోపలికి రావద్దన్నాడు కదా అని. ఆ సంగతి నాకు చాలు."

కత్తెర తీసి అతని చేతికిచ్చాను.

ఫిబ్రవరి 27

తాళం మార్చాను. తాళంచెవి ఒకటే. మెడలో వేసుకున్నాను.

మార్చి 1

తడి.

మెడలో తాళంచెవి ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. కుళాయి కారడం లేదు, కింద గిన్నె పెట్టి చూశాను.

క్యాను ఎత్తితే పిడి వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే దించినట్టు. ఎండకి కాగి ఉంటుంది. కానీ లవంగం వాసన ఎండకి రాదు.

"సార్, మీరేనా?" అన్నాను. పైకే అన్నాను. గాజు గదిలో మాట తిరిగి నాకే వినపడింది. సిగ్గేసి గబగబా లోపలి కుండీలకి పోసేసి, క్యాను ఖాళీ చేసి బోర్లించి తాళం వేసి వచ్చేశాను.

మార్చి 2

కొన్ని మొక్కల వేళ్లు లోతు నుంచి నీళ్లు తెచ్చి పైమట్టిలో వదులుతాయట. ఇవాళంతా అదే చదివాను. కుండీలో లోతెక్కడిది? అయినా చదివాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, మొక్క బతికే ఉంది.

మార్చి 5

వచ్చే పంటకి తొమ్మిదో రకం విత్తనం కొంతమంది రైతులకి ఇస్తారట. మెట్ట ఉన్నవాళ్లకే. సంచుల మీద సారు పేరు వేస్తున్నారట. అన్నయ్య అప్పుడే పేరు రాయించుకున్నాడు.

నా గడువుకి ఇంకా చాలా నెలలున్నాయి. పేపరు అంతకు ముందే అయిపోతుంది అన్నారు హెడ్డు.

మార్చి 8

సారు భార్య వచ్చారు. ఆయన పెంచిన రకాన్ని ఒకసారి కళ్లారా చూడాలని ఉందట. హెడ్డే నా దగ్గరికి పంపారు.

సన్నటి మనిషి. తలుపు దగ్గరికి రాగానే ఆగిపోయారు. కిందికి చూశారు. నేను కుర్చీ తెచ్చి కుండీల పక్కన వేశాను.

"ఇదేనా?" తొమ్మిదోదాని ఆకు వేలితో నిమిరారు. "ఇంతేనా ఉండేది? ఆయన చెప్తుంటే తాటిచెట్టంత ఊహించుకున్నాను."

"కుండీలో ఇంతే పెరుగుతుందండీ."

"నా పెళ్లిచీర రంగు ఆయనకి గుర్తులేదు కానీ దీని ఆకెంత పొడుగో నిద్రలో అడిగినా చెప్పేవారు. నేనూ ఓరోజు అడిగాను, నేను రెండు రోజులు నీళ్లు తాగకపోతే అలాగే కొలుస్తారా అని."

"ఏమన్నారు?"

"'నీకు అంత ఓపిక లేదులే' అన్నారు." నవ్వారు. కళ్లు తుడుచుకోలేదు. తడవలేదు కూడా.

గ్లాసుతో నీళ్లిచ్చాను. సగం తాగి నాకు అందించారు. సంచుల మీద పేరు గురించి చెప్తున్నారు. పిల్లలిద్దరికీ ఫోన్ చేసి చెప్పారట. ఆయన బతికుండగా ఏ కాగితం మీదా ఆయన పేరు ముందు రాలేదట, ఎప్పుడూ నాలుగో పేరో, అయిదో పేరో. మాట్లాడుతున్నవారు మధ్యలో ఆగి నా చేతివైపు చూశారు.

"అమ్మాయ్, అచ్చం ఆయనే."

"ఏమిటండీ?"

"ఏం లేదులే. ఇంట్లో కూడా అంతే. గ్లాసు అడుగున గుటకెడు మిగిలినా తూములో పోయనిచ్చేవారు కాదు. లేచెళ్లి ఏ మొక్క దగ్గరుంటే దానికి పోసొచ్చేవారు. మాట్లాడుతూనే. ఆయనకి తెలిసేది కూడా కాదు."

బస్సు వేళయిందని లేచారు. కోటు తీసుకెళ్తారా అంటే, ఉండనియ్యి అన్నారు.

మార్చి 9

రాయడానికేం లేదు. తలనొప్పి.

మార్చి 10

అన్నాలయ్యాక ఈయన గ్లాసు తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను.

వెనక నుంచి అన్నారు: "ఒసే, ఆ కుండీలో మొక్క చచ్చి ఏడాదైంది. ఉత్త మట్టికి రోజూ ఆ నీళ్లెందుకే?"

చూశాను. గ్లాసు నా చేతిలో వంగి ఉంది. ఖాళీ. కుండీలో మట్టి నల్లగా ఉంది.

మార్చి 11

మా ఇంట్లో నీళ్లు దూరం నుంచి వచ్చేవి. అమ్మ మోసుకొచ్చేది. చెంబు అడుగున మిగిలినవి ఉత్త నేల మీద పోస్తే వీపు విమానం మోత మోగేది. ఏదో ఒక మొక్క మొదట్లో పోయాలి. బెండ, బంతి, ఏదైనా. దగ్గర్లో ఏది ఉంటే అది. నడక వచ్చిన దగ్గర్నుంచి అంతే. పళ్లు తోముకోవడం ఎవరన్నా గుర్తు పెట్టుకుని చేస్తారా?

క్యాను ఖాళీ చేసి బోర్లించాను అని ప్రతిసారీ రాశాను. ఎక్కడ ఖాళీ చేశానో రాయలేదు.

కొలత ప్రకారం పోస్తే క్యానులో ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. బయటికొచ్చేటప్పుడు తలుపు దగ్గర ఒంపుతాను. తలుపు దగ్గర తొమ్మిదో రకం ఉంటుంది.

సారు కూడా. ఆయన ఎలాంటి ఇంటి నుంచి వచ్చారో ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

పొడుగాయన జాలి నీళ్లతో పాటు పడుతుందని ఆయన అతన్ని గడప దాటనివ్వలేదు.

మార్చి 12

చీటీలు తీశాను. తొమ్మిదో రకం అవతలి చివరికి పోయింది. తలుపు పక్కకి ఏడోది వచ్చింది, సగం చచ్చి ఉంది. తలుపు దగ్గర బకెట్ పెట్టాను. మిగిలిన నీళ్లన్నీ అందులోకే.

మార్చి 15

ఏడోది ఆకు విప్పింది.

బకెట్ పొడిగా ఉంది.

తెలిసి కూడా.

మార్చి 16

పొడుగాయన్ని పిలిచాను. "నేను పోయడం అవగానే లోపలికొచ్చి క్యాను నా చేతిలోంచి లాగేసుకో."

"లోపలికా మేడమ్?"

"లోపలికే."

"లాగేసుకోమంటారా? పైవాళ్లు చూస్తే నాకు పిచ్చెక్కిందనుకుంటారు."

"నాకెక్కిందని చెప్పు. లాగు."

గడప దగ్గర చెప్పులు విప్పేశాడు. వద్దన్నా వినలేదు. క్యాను లాగినప్పుడు ఒక్క క్షణం నా చెయ్యి వదల్లేదు. అతను నా మొహం చూసి, తల దించుకుని, మెల్లగా వేళ్లు విడిపించాడు.

మార్చి 21

తొమ్మిదోది ముడుచుకుంది.

మార్చి 24

అంచులు ఎండిపోయాయి. మూడోదానికన్నా ముందే పోయేలా ఉంది. నిజానికి అన్నిట్లోకీ ఇదే తొందరగా దాహం వేసే రకం కావచ్చు. ఇన్నాళ్లూ తాగుతూ ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కోటు వైపు చూడకుండా గదిలో కూర్చోవడం కష్టంగా ఉంది. కోటు నా వైపు చూస్తోందని కాదు.

మార్చి 26

హెడ్డుకి చెప్పాను. రాసింది కూడా ఇచ్చాను. ఆయన చదవకుండా బల్ల మీద పెట్టారు.

"ఎన్ని నీళ్లు పడి ఉంటాయంటావు? గ్లాసుడు?"

"రోజు విడిచి రోజు సార్. నెల రోజులు. దానికది చాలు."

"నువ్వు పోశావు. ఆయన పోశాడని నీకెలా తెలుసు?"

"వాళ్లావిడ చెప్పారు. ఆవిడకి తాను చెప్పిందేమిటో తెలియదు. పైగా జాగా మార్చి, నా చేతిలోంచి క్యాను లాగేయగానే రకం ఎండిపోతోంది సార్."

"ఏమ్మా, మొట్టమొదటి పేపరు 'ఇది పనికిరాదు' అని రాస్తారా ఎవరన్నా? దాన్ని ఎవరు వేస్తారు? నీ గడువు గుర్తుందా?"

"ఉంది సార్. ఆ సంచులు మెట్ట రైతులకి వెళ్తున్నాయి. వాళ్ల తలుపు దగ్గర మనం నిలబడి ఒంపలేం కదా."

బల్ల మీద పెట్టిన కాగితాలు తీసి చదివారు. తరవాత, "సంచులు ఆపుతాను. మిగతావి మాట ఇవ్వలేను. ఆయన పేరు సంగతి మాత్రం వాళ్లావిడకి నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు" అన్నారు.

మార్చి 27

"మా వరకొచ్చేసరికి విత్తనం అయిపోయిందా? ఎవరికిచ్చావే?" అన్నాడు అన్నయ్య.

"ఎవరికీ ఇవ్వడం లేదు. అది నిలబడదన్నయ్యా. నీళ్లు కావాలి దానికి."

"మరి ఫోటోల్లో నిగనిగలాడుతోందిగా?"

"వాటికి నీళ్లు పడ్డాయి."

"ఎవరు పోశారు?"

"సారు. నేను. చెంబు అడుగున మిగిలినవి."



"అమ్మ దెబ్బలు అంత దూరం వచ్చాయన్నమాట" అన్నాడు. "సరే. మరి ఏం వెయ్యమంటావ్?"

"తెలీదు."

"తెలీదా? పరిశోధనంటే ఇదేనా?"

"ఇప్పటికి ఇదే."

"మెట్ట అమ్మేదాకా ఆగుతావా, తెలుసుకోవడానికి?"

ఈసారి నవ్వలేదు.

మార్చి 30

సారు ఇంటికి వెళ్లాను. గుమ్మం నిండా మొక్కలు, డబ్బాల్లో, పగిలిన మగ్గుల్లో. లోపల గోడకి ఆయన ఫోటో. దాని కింద, సంచి మీద వేయబోయే పేరు అచ్చు కాగితం అంటించి ఉంది. హెడ్డు పంపి ఉంటారు, ముందే.

చెప్పాను. అడ్డు రాకుండా అంతా విన్నారు. గ్లాసుతో నీళ్లిచ్చారు, తాగాను.

"అంటే ఆ రకంలో ఏమీ లేదు."

"లేదండీ."

"నేను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే?"

"మా అన్నయ్య చేలో తెలిసేది. ఆ విత్తనానికి పేరు రాయించుకున్నాడు."

ఆమె లేచి కాగితం నెమ్మదిగా ఊడదీశారు. గోడ సున్నం కొంచెం దానితో వచ్చింది.

"ఆయన చూసుకోలేదంటావా? తన చెయ్యి తను?"

"చూసుకోలేదండీ. నేనూ చూసుకోలేదు."

"ఇంతింత చదువులు చదివి."

నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. అడుగున నీళ్లున్నాయి. వంటింట్లోకి వెళ్లారు. గుమ్మంలో మొక్కలన్నీ నాకు కనపడుతున్నాయి. తూములో నీళ్లు పారిన చప్పుడు వినపడింది.

నన్ను సాగనంపడానికి బయటికి రాలేదు.

ఏప్రిల్ 6

చీటీలు తీసి కొత్తగా కుండీలు పెట్టాను. పన్నెండు రకాలు. అన్నయ్య చేలో మట్టే తెప్పించాను. గడువు సంగతి హెడ్డు ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు. పాత తొమ్మిదోది మొత్తం ఎండిపోయింది. వేళ్లతో సహా పీకి తూకం వేశాను. చేతిలో బరువే లేదు.

కుర్చీలో కూర్చున్నాను ఇవాళ. దిండు తియ్యలేదు.

పొడుగాయన సెలవు. పోయడం అయ్యాక తలుపు దాకా వచ్చాను. క్యాను పిడి వెచ్చగా ఉంది. అడుగున కాసిని నీళ్లు. పక్కనే కుండీ. చెయ్యి వంగుతోంది. ఎవరో మణికట్టు పట్టుకుని వంచుతున్నంత నెమ్మదిగా.

పైకెత్తి నేనే తాగేశాను. తుప్పు రుచి.

క్యాను బోర్లించి తాళం వేశాను.